మళ్లీ ఆపరేషన్ అంటే డాక్టర్ తప్పేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి లోపం ఉన్నవాళ్లకి శబ్దం అందేలా ఆపరేషన్ చేసి పెట్టే ఎలక్ట్రానిక్ పరికరం) ఉన్న ఒక చిన్నపాపకి రెండోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని ఈమధ్య మీ పేపర్లో రాశారు. రాయడం మంచిదే, ఈ విషయం మీద తెలుగులో వచ్చేదే తక్కువ. కానీ హెడ్డింగ్‌లో ‘వికటించిన శస్త్రచికిత్స’ అని పెట్టారు. లోపల చదివితే వికటించింది ఏమీ కనపడలేదు. కొన్నేళ్లు బాగానే పనిచేసిన పరికరం ఆగిపోయింది, దాన్ని తీసేసి కొత్తది పెట్టారు, పాప మళ్లీ వింటోంది. మరి వికటించిందేమిటండీ?

నేను వినికిడి లోపం ఉన్న పిల్లలకి వినడం, మాట్లాడటం నేర్పే స్పీచ్ థెరపిస్టుని. ఆ హెడ్డింగ్ చూసి నాకు ఫోన్ చేసినవాళ్లలో ఇంకా ఆపరేషన్ తేదీ కూడా ఖరారు కాని తల్లిదండ్రులు ఉన్నారు. ‘అయితే వద్దులెండి మేడం, అది ఫెయిలవుతుందట కదా’ అన్నారు. అప్పటికే ఇంప్లాంట్ పెట్టించినవాళ్లు, ‘మా డాక్టరు సరిగ్గానే చేశాడంటారా’ అని అడిగారు. వీళ్లందరికీ కలిపి ఈ ఉత్తరం. పొడుగైంది, తెలుసు. చోటు చాలకపోతే చరిత్ర ఉన్న పేరా కత్తిరించండి గానీ ఇంట్లో రోజూ చేసుకోవాల్సిన పరీక్ష సంగతి మాత్రం వదిలేయకండి.

నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకి ఇంప్లాంట్ పెట్టే ముందే, దీన్ని ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు అని తల్లిదండ్రులకి చెప్పాలి. సంతకాలు పెట్టించుకునే రోజు హడావిడిలో కాదు, అంతకు ముందే తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు. చెప్తే భయపడి వెనక్కి పోతారేమోనని వాళ్ల భయం. ‘ఒక్కసారి పెడితే జీవితాంతం ఇక చూసుకోనక్కర్లేదు’ అనే మాట ఎంత తేలిగ్గా దొర్లిపోతుందో నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట నమ్మినవాళ్లే, పరికరం ఆగిపోయిన రోజు తమని ఎవరో మోసం చేశారనుకుంటారు.

లెక్క మీరే వేయండి. అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతి ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1984లో ఇంప్లాంట్‌ని మొదట పెద్దవాళ్లకి అనుమతించింది, 1990లో రెండేళ్లు దాటిన పిల్లలకి ఇచ్చింది. 2000లో ఆ వయసు 12 నెలలకి దిగింది, 2020లో 9 నెలలకి. వయసు తగ్గడం మంచికే, ఎందుకంటే వినడం ఎంత త్వరగా మొదలైతే మాట అంత తేలిగ్గా వస్తుంది. కానీ తొమ్మిది నెలల బిడ్డ తలలో పెట్టిన ఎలక్ట్రానిక్ పరికరం ఆ బిడ్డకి డెబ్భై, ఎనభై ఏళ్లు వచ్చేదాకా పనిచేయాలన్నమాట. దశాబ్దాల పాటు పనిచేసేలాగే తయారుచేస్తారు, చాలామందికి అలాగే పనిచేస్తోంది కూడా. అయినా 1990లో పెట్టించుకున్న పిల్లలు ఇప్పుడు నడివయసులో ఉన్నారు, అంతే. చిన్నప్పుడు పెట్టిన ఇంప్లాంట్ ఒక నిండు జీవితం మొత్తం పనిచేయడం చూసినవాళ్లు ఇంకా ఎవరూ లేరు. మరి ‘జీవితాంతం’ అని గ్యారంటీ ఎవరు ఇస్తున్నట్టు?

పిల్లల విషయంలో వివిధ దేశాల ఆస్పత్రులు ప్రచురించిన లెక్కల్లో, మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు చాలావరకు 5 నుంచి 10 శాతం మధ్య ఉంటారు. ఎన్నేళ్ల పాటు గమనించారన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది, ఎక్కువ కాలం చూస్తే పెరుగుతుంది. అందులో పెద్ద వాటా పరికరం చెడిపోవడం వల్ల వచ్చేదే, సర్జన్ చేతి వల్ల కాదు.

ఎందుకు చెడుతుంది? ఇందులో రెండు భాగాలు ఉంటాయి. చెవి వెనక తగిలించుకుని శబ్దాన్ని పట్టే ప్రాసెసర్, దాన్ని చర్మం గుండా లోపలికి పంపే కాయిల్ బయటివి. చర్మం కింద ఎముక మీద కూర్చునే ఇంప్లాంట్, అక్కడి నుంచి కాక్లియాలోకి, అంటే లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగంలోకి వెళ్లే సన్నని ఎలక్ట్రోడ్ తీగ లోపలివి. బయటిది పాడైతే మార్చుకుంటాం, దానికి ఆపరేషన్ అక్కర్లేదు (కొత్త మోడల్ ప్రాసెసర్ వచ్చిందని లోపలిది కూడా మార్పించాలేమో అని అడిగేవాళ్లు ఉన్నారు, అక్కర్లేదు, బాగా పనిచేస్తున్నదాన్ని కదపకూడదు). లోపలి దాంట్లోకి తేమ చొరకుండా సీలు వేస్తారు. శరీరం లోపలంతా తడే కాబట్టి ఆ సీలులో వెంట్రుకంత పగులు వచ్చినా సర్క్యూట్ పోతుంది. పిల్లలు పడతారు, తలకి దెబ్బలు తగిలించుకుంటారు. పాతకాలం సెరామిక్ తొడుగు ఉన్న ఇంప్లాంట్లు ఇలాంటి దెబ్బలకి పగిలేవి. తర్వాత టైటానియం, సిలికాన్ తొడుగులు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇవి కాక చర్మం పల్చబడి ఇన్ఫెక్షన్ రావచ్చు, ఎలక్ట్రోడ్ కాస్త బయటికి జరగొచ్చు, బయటి కాయిల్‌ని పట్టి ఉంచే లోపలి మ్యాగ్నెట్ పక్కకి తొలగొచ్చు.

తలకి దెబ్బ తగిలి ఇంప్లాంట్ పోయిందంటే ముందు అందరూ తల్లినే అంటారు, పిల్లాణ్ని చూసుకోలేకపోయావా అని. ఆ పిల్లాడు పరిగెత్తకుండా, ఆడకుండా పెరగాలా? వినికిడి తెప్పించిందే తోటి పిల్లల్లో కలవాలని.

ఒక్కసారిగా ఆగిపోయిన ఇంప్లాంట్‌ని గుర్తుపట్టడం తేలిక. పొద్దున పెట్టుకుంటే శబ్దం లేదు, అంతే. ప్రాసెసర్ మార్చి చూస్తారు, కాయిల్ మార్చి చూస్తారు, ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) కంప్యూటర్‌కి తగిలిస్తే లోపలి పరికరం పలకదు. అసలు బాధ మెల్లమెల్లగా చెడేదాంతోనే.

నా దగ్గరికి వచ్చే ఒక ఆరేళ్ల పాప సంగతి చెప్తాను. క్లాసు మొదలుపెట్టే ముందు నేను నోరు కాగితంతో కప్పుకుని ఆరు శబ్దాలు అంటాను: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టిన పరీక్ష ఇది, మాటల్లో వచ్చే లావుపాటి శబ్దం నుంచి సన్నపాటి శబ్దం దాకా ఈ ఆరింటిలోనే వచ్చేస్తాయి. పాప విన్న ప్రతిసారీ డబ్బాలో ఒక బిళ్ల వేసి, నేను అన్నది తిరిగి అనాలి. ఎప్పుడూ నేను పూర్తిగా అనకముందే బిళ్ల వేసేసే పిల్ల. ఒక రోజు ‘స్’ దగ్గర బిళ్ల చేతిలోనే ఉండిపోయింది, నా కళ్లలోకి చూస్తోంది. ఆ తర్వాత కొన్నాళ్లకి ‘ష్’ కూడా పోయింది. స్కూల్లో టీచరు డైరీలో ‘శ్రద్ధ పెట్టడం లేదు’ అని రాసింది. ఇంట్లో ప్రాసెసర్ తీసి పడేస్తోంది, అంతకు ముందు నిద్రలో తప్ప తియ్యనిచ్చేది కాదు. ఓసారి క్లాసు మధ్యలో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ‘ఫ్యాన్ ఆపు’ అంది. గదిలో ఫ్యాన్ తిరగడం లేదు.

ఆస్పత్రిలో పరీక్ష చేస్తే పరికరం బాగానే ఉందని వచ్చింది. అదే ఇందులో మెలిక. కంప్యూటర్‌కి అన్నీ సరిగ్గా కనిపిస్తూనే పిల్లకి వినికిడి తగ్గిపోవడం, లేని చప్పుళ్లు వినిపించడం, నొప్పి, ముఖం కండరాలు అదరడం లాంటివి ఉంటే దాన్ని సాఫ్ట్ ఫెయిల్యూర్ అంటారు. 2005లో నిపుణులంతా కూర్చుని దీనికి ఒక నిర్వచనం రాసుకున్నారు. బయటి పరికరాలన్నీ మార్చి చూడాలి, మ్యాపింగ్ (ఆ పిల్లకి తగ్గట్టు ప్రాసెసర్‌లో పెట్టే శబ్దం సెట్టింగులు) సరిచేసి చూడాలి, ఎక్స్‌రేనో సీటీనో తీసి ఎలక్ట్రోడ్ జరగలేదని తేల్చుకోవాలి, చెవిలో ఇంకే జబ్బూ లేదని చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా పిల్ల వెనక్కే పోతుంటే అప్పుడు తీసి మార్చడం గురించి ఆలోచిస్తారు. తీసిన పరికరాన్ని కంపెనీ ల్యాబులో విప్పి చూస్తే గానీ చాలాసార్లు లోపం రుజువు కాదు. అంటే రుజువు చేతికి రాకముందే ఆపరేషన్‌కి ఒప్పుకోవాలి. ఏ తల్లిదండ్రులకైనా ఎంత కష్టమో చూడండి. ఆ పాప తల్లి నన్ను అడిగింది, ‘పరీక్షలో బాగుందంటున్నారు, మీరేమో బాలేదంటున్నారు, ఎవరి మాట వినాలి?’ అని. పాప మాట వినండి అన్నాను. మార్చారు. తర్వాత ‘స్’ తిరిగొచ్చింది, ‘ష్’ తిరిగొచ్చింది, ఫ్యాన్ చప్పుడు పోయింది.

ఈ ఆరు శబ్దాల పరీక్ష ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. రోజూ పొద్దున్నే ప్రాసెసర్ పెట్టగానే, ఒక నిమిషం. నోరు కనపడకూడదు, ఎప్పుడూ ఒకే వరసలో అనకూడదు, మామూలు గొంతుతో అనాలి, మొదట దగ్గర నుంచి, తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి. ఏ శబ్దం తప్పిందో తేదీ వేసి రాసిపెట్టుకోండి. ‘ఏదో సరిగ్గా వినడం లేదండీ’ అని వచ్చినవాళ్ల కంటే ‘ఫలానా తేదీ నుంచి స్ వినడం లేదు, ఫలానా తేదీ నుంచి ష్ పోయింది’ అని కాగితం చూపించినవాళ్ల పని ఆస్పత్రిలో త్వరగా అవుతుంది, ఇది నేను కళ్లారా చూస్తున్నది. రెండేళ్ల పిల్ల నోరు తెరిచి నాకు వినపడటం లేదు అని చెప్పదు. ప్రాసెసర్ విసిరికొడుతుంది, పిలిస్తే పలకదు, వచ్చిన మాటలు మింగేస్తుంది, ఊరికే ఏడుస్తుంది. మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

రీకాల్ గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే మీ వార్తలో ‘కంపెనీలు వెనక్కి తీసుకుంటున్నాయి’ అని ఒక వాక్యం ఉంది. 2011 సెప్టెంబర్‌లో కాక్లియర్ అనే ఆస్ట్రేలియా కంపెనీ సీఐ500 సిరీస్ ఇంప్లాంట్లని వెనక్కి తీసుకుంది, అతుకుల్లో సన్నని పగుళ్ల గుండా తేమ వెళ్లి పరికరాలు ఆగిపోతున్నాయని. 2020 ఫిబ్రవరిలో అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ కంపెనీ తన హైరెస్ అల్ట్రా మోడళ్లలో మొదటి వెర్షన్‌ని వెనక్కి తీసుకుంది, ఎలక్ట్రోడ్ దగ్గర ద్రవం చేరి వినికిడి తగ్గుతోందని. ఇవి నిజాలే. కానీ వెనక్కి తీసుకున్నది అప్పటికింకా ఎవరికీ పెట్టని స్టాకుని. తలలో ఉండి బాగా పనిచేస్తున్నదాన్ని ముందుజాగ్రత్తగా తీసేయమని చెప్పలేదు. ఈ తేడా రాయకపోతే, ఆ మోడల్ పెట్టుకుని హాయిగా స్కూలుకి వెళ్తున్న పిల్లల ఇళ్లలో ఉత్తపుణ్యానికి టెన్షన్.

ఇక ఆపరేషన్ సంగతి. రెండోసారి అంటే మొదటిదాని కంటే ప్రమాదం అనుకుంటారు చాలామంది. చెవి వెనక ఎముకలో దారి ఇప్పటికే ఉంటుంది కాబట్టి చాలాసార్లు మొదటిసారి కంటే తక్కువ టైమే పడుతుంది. అయితే పాత పరికరం చుట్టూ మచ్చకణజాలం, కొత్త ఎముక పెరిగి ఉంటాయి, వాటిని జాగ్రత్తగా తొలగించుకుంటూ వెళ్లాలి, ముఖం కండరాల నరం పక్కనే ఉంటుంది. కాక్లియాలో ఉన్న పాత ఎలక్ట్రోడ్ చుట్టూ శరీరం ఒక సన్నని గొట్టం లాంటి పొర కట్టుకుని ఉంటుంది, అదే కొత్త ఎలక్ట్రోడ్‌కి దారి. అందుకే కొత్తది చేతికి సిద్ధమయ్యేదాకా పాతదాన్ని బయటికి లాగరు. లాగాక ఆలస్యం చేస్తే ఆ దారి మూసుకుపోవచ్చు. ఇంత నేర్పు కావాల్సిన పనిని ‘వికటించింది’ అనే ఒక్క మాటతో తేల్చేస్తే ఎలాగండీ.

ఇన్ఫెక్షన్ వల్ల తీయాల్సి వస్తే మాత్రం కథ వేరు. పాతది తీసిన రోజే కొత్తది పెట్టలేకపోవచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గేదాకా నెలల తరబడి ఆగాలి. అలాంటప్పుడు కాక్లియాలో దారి మూసుకుపోకుండా ఎలక్ట్రోడ్ తీగని కత్తిరించి లోపలే ఉంచి, పైన ఉన్న పరికరాన్ని మాత్రం తీసేస్తారు కొన్నిసార్లు. మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయిన పిల్లల్లో కాక్లియా ఎముకగా గట్టిపడి ఉండొచ్చు, వాళ్లలో రెండోసారి ఎలక్ట్రోడ్ పూర్తిగా దిగకపోవచ్చు, ఫలితమూ తగ్గొచ్చు. వీళ్ల విషయంలో అంతా మామూలే అని నేను కూడా అనను. మెనింజైటిస్ ముప్పు ఇంప్లాంట్ ఉన్న పిల్లలందరికీ కాస్త ఎక్కువే, కాబట్టి న్యూమోకాకల్ టీకాలు పూర్తయ్యాయో లేదో రెండోసారి కూడా చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆపరేషన్ కాదు, దానికి ముందూ వెనకా ఉండే నిశ్శబ్దం. రెండు చెవులకీ ఇంప్లాంట్ ఉంటే ఒకటి ఆగినా రెండోదాంతో నెట్టుకొస్తారు. ఒక్కటే ఉన్న పిల్లకి, పరికరం ఆగిన రోజు నుంచి కొత్తది ఆన్ చేసే రోజు దాకా ప్రపంచం మూగబోయినట్టే. డబ్బు సర్దుబాటు కాక, తేదీ దొరకక అది నెలలైపోతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా గాయం మానేదాకా రెండు నుంచి నాలుగు వారాలు ఆన్ చేయరు చాలాచోట్ల. ఆ రోజుల్లో సైగలు చేయొద్దు, చేస్తే మాట పోతుంది అని కొందరు థెరపిస్టులే చెప్తారు. నేను ఒప్పుకోను. చెయ్యి ఊపండి, బొమ్మ గీయండి, పెదాలు చూపించండి, రాయడం వస్తే రాసి చూపించండి. పిల్లకి విషయం అందాలి. మాట ఎక్కడికీ పోదు.

పిల్లకి అబద్ధం చెప్పొద్దు. ‘చిన్న చెకప్ అమ్మా’ అని తీసుకెళ్లి, లేచేసరికి తలకి కట్టుతో ఉంటే ఆ పిల్ల ఇంకోసారి ఆస్పత్రి గడప తొక్కదు, మ్యాపింగ్‌కి కూర్చోదు. ఇంకొకటి, థియేటర్‌లో అందరికీ మాస్కులు ఉంటాయి, పెదాలు కనపడవు, చెవి వినపడదు. ఎవరో వచ్చి మంచం మీద పడుకోబెట్టి ముఖానికి ఏదో అడ్డం పెడతారు. అయిదేళ్ల పిల్లగా ఒక్కసారి అక్కడ పడుకుని చూడండి. రెండో చెవికి ప్రాసెసర్ ఉంటే మత్తు వచ్చేదాకా తీయకుండా ఉంచమని అడగండి, చాలామంది మత్తు డాక్టర్లు ఒప్పుకుంటారు. నొప్పి, నీళ్లు, అమ్మ, బాత్‌రూమ్, ఈ నాలుగింటికీ సైగలు ముందే ఇంట్లో అనుకుని వెళ్లండి, నర్సుకి కూడా చూపించండి.

ఆన్ చేసిన రోజు పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే కంగారు పడొద్దు. కొత్త ఎలక్ట్రోడ్ పాతదాని చోట అచ్చంగా అక్కడే కూర్చోదు, కాబట్టి శబ్దం తేడాగా ఉంటుంది, కొందరు పెద్ద పిల్లలు ‘రోబో మాట్లాడుతున్నట్టుంది’ అంటారు. పాత మ్యాప్‌ని అలాగే ఎక్కించకుండా కొత్తగా మొదలుపెడతారు. ఎక్కువమంది పిల్లలు కొన్ని వారాల్లోనో, కొన్ని నెలల్లోనో ముందున్న స్థాయికి వచ్చేస్తారు, కొందరు అంతకంటే బాగా వింటారు. మొదటిసారి సున్నా నుంచి నేర్చుకున్నారు, ఈసారి మెదడుకి మాటలు ఇప్పటికే తెలుసు.

డబ్బు దగ్గరికి వస్తే, బీమా అయినా ప్రభుత్వ పథకం అయినా దాతలైనా మొదటి ఆపరేషన్‌కి ఉత్సాహంగా ఇస్తారు, ఫొటోలు కూడా దిగుతారు. రెండోది ఎవరి పద్దులోనూ ఉండదు. లోపలి పరికరానికి కంపెనీలు సాధారణంగా 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి, ఆలోపు చెడితే కొత్త పరికరం ఇస్తారు, కానీ ఆస్పత్రి ఖర్చు, సర్జన్ ఫీజు, మత్తు, తర్వాతి థెరపీ అందులో రావు. పదకొండో ఏట చెడితే పరికరం కూడా మన నెత్తినే. పథకాలు రాసేవాళ్లు రెండో ఆపరేషన్‌ని కూడా మొదటిదాంతో పాటే లెక్కలో వేయాలి. ఒక బిడ్డకి మాట వచ్చాక, పరికరం చెడితే మాకు సంబంధం లేదు అనడం కంటే అన్యాయం ఏముంటుంది?

కంపెనీల లెక్కల గురించి కూడా ఒక మాట. ఏ మోడల్ ఎన్నేళ్లకి ఎంత శాతం ఇంకా పనిచేస్తోందో అవి గ్రాఫులు గీసి విడుదల చేస్తూనే ఉంటాయి, పిల్లలకి వేరుగా, పెద్దలకి వేరుగా. 2005లో యూరప్ నిపుణులు ఏకాభిప్రాయంతో ఇచ్చిన ప్రకటన కూడా వైఫల్యాల్ని ఒకే పద్ధతిలో, దాచకుండా లెక్క చెప్పాలని అడిగింది. కంపెనీ ఇచ్చిన ఆ గ్రాఫు కాగితాన్ని ఆపరేషన్‌కి ముందు తల్లిదండ్రుల చేతిలో పెట్టి, అందులో గీత ఏమిటో వాళ్ల భాషలో విడమరిచి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది, పావుగంట.

తల్లిదండ్రులకి ఒక పని. ఇంప్లాంట్ కార్డు, అందులో మోడల్, సీరియల్ నంబర్, పెట్టిన తేదీ ఉంటాయి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ప్రతి మ్యాపింగ్ అయ్యాక మ్యాప్ ప్రింటు, ఇంపీడెన్స్ రిపోర్టు (ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకి ఎంత అడ్డు ఉందో చూపేది) అడిగి తీసుకోండి, ఇవ్వం అంటే మళ్లీ అడగండి, అవి మీ బిడ్డవి. పరికరంలో తేడా వచ్చిందా అని తేల్చాల్సి వచ్చినప్పుడు ఏడాది కిందటి అంకెల పక్కన ఇవాళ్టి అంకెలు పెట్టి చూస్తారు, పాతవి లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

మిమ్మల్ని అడిగేది చిన్నదే ఎడిటర్ గారూ. ఆ వార్తకి సవరణ వేయండి, అదే పేజీలో. ‘చెడిపోయిన ఇంప్లాంట్ స్థానంలో కొత్తది’ అని రాస్తే సరిపోతుంది. వీలైతే దాని కింద ఆ ఆరు శబ్దాల పరీక్ష కూడా ఒక బాక్సులో వేయండి.

ఇట్లు,
ఒక స్పీచ్ థెరపిస్టు